నానో వేవ్‌గైడ్‌లో లైటు పోలరైజేషన్ ఎట్ల కంట్రోల్ చెయ్యాలి: ల్యాప్‌టాప్, పాత చేతి గాజులు, జర ఓపిక

మొన్న దసరాకి నల్లగొండ పోయినప్పుడు మా గల్లీల ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలిద్దరు వచ్చిన్రు, అన్నా పోలరైజేషన్ (అంటే లైటు అల ఊగే దిక్కు) తిప్పాలంటే వేవ్‌ప్లేట్ (దాన్ని తిప్పే పలక) పెట్టాలె అని పుస్తకంల ఉంది, మరి సిలికాన్ చిప్ మీద దారి వెడల్పే అర మైక్రాన్ ఉంటే అండ్ల వేవ్‌ప్లేట్ యాడ పెడ్తరు అని అడిగిన్రు. మస్తు మంచి ప్రశ్న. చెప్పుకుంట కూసుంటే రాత్రి పదకొండైంది, వాళ్లమ్మ ఫోన్ చేసి పిలిచింది, సగంల లేచిపోయిన్రు. ఆ మిగిలిన సగం కోసం ఇది మొదట్నుంచి రాస్తున్న, నల్లగొండ ఎంజీ యూనివర్సిటీలనో పాలమూరు యూనివర్సిటీలనో ఉండి చేతిల ఒక మామూలు ల్యాప్‌టాప్ తప్ప ఏం లేనోళ్లు కూడా సగం దూరం వరకు చేసుకోవచ్చు.

ముందే ఒక మాట చెప్త. చిప్‌లో పోలరైజేషన్ అనేది గుబ్బ తిప్పితే మారేది కాదు. వేవ్‌గైడ్ అంటే చిప్ మీద లైటు పోయే సన్న దారి, దాని వెడల్పెంత, ఎత్తెంత, పైన ఏముంది కింద ఏముంది, అవే డిసైడ్ చేస్తయ్. పానగల్లు ఛాయా సోమేశ్వర గుడి చూసే ఉంటరు కదా, పొద్దంతా సూర్యుడు ఎటు తిరిగినా లింగం మీద స్తంభం నీడ కదలదు, అది ఆ స్తంభాల అమరికల ఉన్న పని. ఈడ కూడా అదే లెక్క, కట్టడం సరిగ్గ పెడితే లైటు చెప్పినట్టు ఇంటది, తప్పు పెడితే ఎన్ని లక్షల లేజర్ తెచ్చినా ఇనదు.

మొదటి పని: కండ్లతో చూడండి

సాఫ్ట్‌వేర్ తర్వాత. క్లాక్ టవర్ దిక్కు ఏ మొబైల్ రిపేర్ షాపుకైనా పోయి పగిలిన డిస్‌ప్లే మీది పోలరైజర్ షీట్ ముక్క ఒకటి అడగండి, చెత్తల పడేసేదే కాబట్టి ఊకనే ఇస్తరు. ల్యాప్‌టాప్‌ల తెల్ల పేజీ ఓపెన్ చేసి ఆ ముక్కని స్క్రీన్ ముందు పెట్టి మెల్లగ తిప్పండి, ఒక దగ్గర తెల్లగుంటది, అక్కడ్నుంచి 90 డిగ్రీలు తిప్పితే నల్లగైతది. మధ్యల 45 దగ్గర సగం లైటు, 30 దగ్గర ముప్పావు. ఇది మాలస్ నియమం. ఎటియెన్ లూయీ మాలస్ అనే ఫ్రెంచాయన 1808ల పారిస్‌ల ఎదురుగున్న ప్యాలెస్ కిటికీ అద్దాల మీద పడి వచ్చే ఎండని కాల్సైట్ రాయిలోంచి చూసుకుంట మొదలుపెట్టిన పనిలోంచి వచ్చింది ఇది.

ఇప్పుడు నల్లగైన దగ్గర షీట్‌ని అట్లనే పట్టుకొని, స్క్రీన్‌కి షీట్‌కి నడుమ ఒక గాజు పలక పెట్టి దాని మీద సెల్లో టేపు రెండు మూడు పొరలు అడ్డదిడ్డంగ అతికించి చూడండి. నల్లగున్న దగ్గర రంగులొస్తయ్. టేపు తయారీల సాగదీస్తరు కాబట్టి సాగిన దిక్కు లైటు ఒక స్పీడ్‌ల, అడ్డం దిక్కు ఇంకో స్పీడ్‌ల పోతది, రెండింటి నడుమ తేడా వచ్చి బయటికొచ్చేసరికి పోలరైజేషన్ తిరిగిపోతది. రెండు దిక్కుల రెండు స్పీడ్‌లు, దాన్నే బైరిఫ్రింజెన్స్ అంటరు. టేపుని స్క్రీన్ పోలరైజేషన్‌కి సరిగ్గ నిలువుగనో అడ్డంగనో పెడితే ఏం కాదు, ఏటవాలుగ పెడితేనే తిరుగుతది. ఈ ఒక్క ముక్క బుర్రల పెట్టుకోండి, రొటేటర్ (పోలరైజేషన్ తిప్పే భాగం) కాడ మళ్లీ పనికొస్తది.

రెండో పని: టీఈ, టీఎం అంటే మగ్గం గుర్తు చేసుకోండి

మా మేనమామోళ్లది పుట్టపాక, చిన్నప్పుడు ఎండకాలం సెలవులు మొత్తం మగ్గం గుంట కాడనే గడిచినయ్. మగ్గం మీద బట్ట ముందుకు పోతుంటది, నాడె ఎడమ నుంచి కుడికి ఉరుకుతది, కాలు తొక్కితే పడుగు దారాలు పైకి కిందికి లేస్తయ్. బట్ట పోయే దిక్కుని లైటు పోయే దిక్కు అనుకోండి. ఎలక్ట్రిక్ ఫీల్డ్ నాడె లెక్క పక్కకి ఊగితే అది టీఈ, పడుగు లెక్క పైకి కిందికి ఊగితే టీఎం. ఇంతే.

ఇది చిప్‌కి పక్కగ, పైకి అని చెప్పుకునే మాట, నిజానికి నానో సైజుల పక్కా టీఈ పక్కా టీఎం ఉండవు, అందుకే పేపర్లల్ల క్వాసీ, అంటే దాదాపు, అని తోక తగిలిస్తరు. దారి లైటు వేవ్‌లెంగ్త్ కంటే చిన్నగ అయ్యేసరికి ఫీల్డ్‌ల కొంత భాగం పోయే దిక్కునే ముందుకు వెనక్కు కూడా ఊగుతది, పైగా అది మిగతా భాగానికి పావు చుట్టు ఆలస్యంగ నడుస్తది, దాంతోని వేవ్‌గైడ్ అంచుల దగ్గర ఫీల్డ్ చక్రం లెక్క గుండ్రంగ తిరుగుతది. అది ఎటు తిరుగుతది అనేది లైటు ఎటు పోతుంది అనేదాన్ని బట్టి ఉంటది. అంచు దగ్గర సరైన క్వాంటమ్ డాట్ (లైటు ఇచ్చే నానో చుక్క) పెడితే దాని లైటు ఒక దిక్కే పోయేటట్టు చెయ్యొచ్చు. అది వేరే కథ, ఈడ ఆపుత, లేకపోతే రొటేటర్ దాకా పోము.

మూడో పని: క్రాస్ సెక్షన్ లెక్క

అసలు పని ఇది. సగం మంది ఇది వదిలేసి డైరెక్ట్‌గ త్రీడీ సిమ్యులేషన్‌కి ఉరుకుతరు, రాత్రంతా ల్యాప్‌టాప్ నడుస్తది, తెల్లారేసరికి కరెంటు పోయి ఏం మిగలదు.

ఫ్రీ సాఫ్ట్‌వేర్ చాలు. ఎంఐటీ వాళ్ల మీప్ (లైటు ఎట్ల పోతదో లెక్క కట్టేది), దాంతోనే వచ్చే ఎంపీబీ (మోడ్‌లు, అంటే దారిల లైటు పరుచుకునే ఆకారాలు, వెతికే మోడ్ సాల్వర్), రెండూ పైథాన్‌ల నడుస్తయ్. లైనక్స్ అయితే కోండాతోని ఎక్కించుకోండి, విండోస్ అయితే డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకొని అండ్ల ఎక్కించండి. మొదటి స్క్రిప్ట్‌ల వేవ్‌గైడ్ 500 నానోమీటర్ల వెడల్పు, 220 నానోమీటర్ల ఎత్తు పెట్టండి, సిలికాన్ ఫోటోనిక్స్‌ల అందరు వాడే సైజు ఇదే. సిలికాన్ ఇండెక్స్ (లైటుని ఎన్ని రెట్లు స్లో చేస్తది అనే నంబర్) 3.48, చుట్టూ గాజు అంటే సిలికాన్ డయాక్సైడ్ 1.444, వేవ్‌లెంగ్త్ 1550 నానోమీటర్లు. ఒక మైక్రాన్‌ని యూనిట్ అనుకుంటే ఫ్రీక్వెన్సీ 1ని 1.55తోని భాగిస్తే 0.645, రిజల్యూషన్ 50 పెడితే ఒక గడి 20 నానోమీటర్లు. చుట్టూ కనీసం రెండు మైక్రాన్ల జాగ వదలండి, ఎందుకంటే ఎంపీబీల బొమ్మ గోడకి టైల్స్ పరిచినట్టు మళ్లీ మళ్లీ వస్తది, జాగ తక్కువైతే మీ వేవ్‌గైడ్ పక్కింటి వేవ్‌గైడ్‌తోని మాట్లాడుతది, టీఎం అయితే మరీ, అది బయటికి ఎక్కువ పరుచుకొని ఉంటది కాబట్టి. ఆన్సర్ వచ్చినంక రిజల్యూషన్ 100 చేసి మళ్లీ నడపండి, మూడో దశాంశం కదులుతుంటే ఇంకా పెంచాలె.

రావాల్సిన ఆన్సర్ చెప్త, మీది ఒక్కసారి చెక్ చేసుకోండి. టీఈ0కి, అంటే మొదటి టీఈ మోడ్‌కి, ఎఫెక్టివ్ ఇండెక్స్ (ఆ మోడ్‌కి మొత్తంగ పనిచేసే ఇండెక్స్) సుమారు 2.44, టీఎం0కి సుమారు 1.77. తేడా 0.67. ఈ నంబర్ కాడ జర ఆగండి. పోలరైజేషన్ అనంగనే అందరు చెప్పే కాల్సైట్ రాయిలనే తేడా 0.17 ఉంటది. అంటే మనం చెక్కిన ఈ సిలికాన్ పట్టీ ఉత్త షేప్ వల్లనే కాల్సైట్‌కి నాలుగింతలు ఘాటుగ ఉంది, అసలు సిలికాన్ క్రిస్టల్‌ల ఆ గుణమే లేదు. 1.55ని 0.67తోని భాగిస్తే 2.3 మైక్రాన్లు, అంటే రెండు మోడ్‌లు కలిపి పంపితే ప్రతి 2.3 మైక్రాన్లకి ఒకసారి వాటి నడుమ ఫేజ్ పూర్తి చుట్టు తిరుగుతది. వెంట్రుక మందంల ఇరవై ముప్పై చుట్లు. పిల్లలు అడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇదే, వేవ్‌ప్లేట్ పెట్టే జాగ ఎందుకు, దారే వేవ్‌ప్లేట్.

గాని సంతోషపడకండి, టేపు ముచ్చట గుర్తుందా. ఈ వేవ్‌ప్లేట్ సరిగ్గ నిలువు అడ్డం దిక్కులకే ఉంది. ఉత్త టీఈ పంపితే చివరిదాకా టీఈనే, ఉత్త టీఎం పంపితే టీఎమ్మే. పోలరైజేషన్‌ని కాపాడాలంటే ఇది వరం, తిప్పాలంటే మాత్రం ఏదో ఒక ఏటవాలుతనం మనమే తేవాలె.

ఇంకోటి, తేడా వద్దు అనుకొని 300 బై 300 చదరం చేస్తే ఏమైతది అని అడుగుతరు. కాయితం మీద రెండూ సమానమే. ఫ్యాబ్‌ల, అంటే చిప్ తయారుచేసే కాడ, ఒక్క నానోమీటర్ అటీటు అయినా ఇండెక్స్‌ల వెయ్యో వంతు లెవెల్‌ల తేడా వస్తది, ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయేసరికి పోలరైజేషన్ ఎటుందో దేవునికే ఎరుక. చదరం జోలికి పోకండి.

నాలుగో పని: మీకు నిజంగ ఏం కావాలె

ఈ ప్రశ్న ముందు అడగాల్సింది, గాని నంబర్లు చూడకుండ అడిగితే అర్థం కాదని ఈడ పెట్టిన. ఒకటి, మీ సర్క్యూట్ మొత్తం టీఈ మీదనే నడిస్తే చాలు, టీఎం కసువు ఊడ్చేస్తే చాలు అంటే ఉత్త పోలరైజర్ కావాలె. రెండు, బయటి ఫైబర్‌ల నుంచి లైటు ఏ పోలరైజేషన్‌ల వచ్చినా పని నడవాలె అంటే చీల్చాలె, ఒకదాన్ని తిప్పాలె, రెండు దారుల్ల టీఈగనే నడపాలె. మామూలు ఫైబర్ పోలరైజేషన్‌ని దాచిపెట్టదు, ఎండకి గాలికి మారుతది, అందుకే చాలా రిసీవర్ చిప్‌లది ఈ రెండో దారే. మూడోది, మీకు నచ్చిన పోలరైజేషన్ బయటికి పంపాలె అంటే హీటర్లు కావాలె. నా సలహా ఏందంటే మొదటిసారి చేసేటోళ్లు మొదటిదే చెయ్యండి, ఊడ్చుడు వచ్చినంక చీల్చుడు.

ఐదో పని: ఊడ్చుడు

సులువైన పోలరైజర్ ఒక వంపు. టీఈ సిలికాన్ లోపల గట్టిగ పట్టుకొని ఉంటది, ఐదు మైక్రాన్ల వంపుల కూడా హాయిగ తిరుగుతది. టీఎం పట్టు లూజు. ఊరి చివర మలుపుల స్పీడ్‌గ పోయిన ఆటోలోంచి అంచున కూసున్నోడు జారినట్టు అది వంపు బయటికి జారిపోతది. వంపు ఎంత చిన్నగ చేస్తే అంత జారుతది, మరీ చిన్నగ చేస్తే టీఈ కూడా జారుతది, ఆ మధ్య రేడియస్ మీరే లెక్క కట్టుకోవాలె. నాలుగైదు వంపులు ఎస్ ఆకారంల వరుసగ పెడితే డీబీలు (లైటు ఎంత తగ్గిందో చెప్పే కొలత) కూడుకుంటయ్. 20 డీబీ అంటే నూటికి ఒక వంతు మిగిలినట్టు, 30 అంటే వెయ్యికి ఒకటి. వేవ్‌గైడ్ పైన సన్నని గాజు పొర వదిలి మెటల్ పట్టీ పెట్టినా టీఎమ్మే మెటల్‌కి అతుక్కొని చస్తది, గాని టీఈకి కూడా జర నష్టముంటది, ఫ్యాబ్‌ల ఇంకో లేయర్ ఖర్చు. వంపే బెస్ట్.

ఆరో పని: చీల్చుడు

సాగర్ కాల్వ పక్కన పొలమున్నోళ్లకి ఇది చెప్పే పనే లేదు. కాల్వల నీళ్లు కాల్వలనే ఉంటయ్, గాని గట్టులోంచి ఊట పక్క పొలంలకి వస్తనే ఉంటది. వేవ్‌గైడ్‌ల లైటు కూడా అంతే, సిలికాన్ బయట కొంత పరుచుకొని ఉంటది, పక్కన రెండు వందల నానోమీటర్ల దూరంల ఇంకో వేవ్‌గైడ్ పెడితే ఆ ఊట దాంట్లకి ఎక్కుతది, ఇంకా పోతే మొత్తం అటే పోతది, ఇంకా ముందుకు పోతే మళ్లీ ఎనక్కి వస్తది. ఈ ఎనక్కి వచ్చుడు కాల్వల ఉండదు, పోలిక అక్కడికే ఆపండి. దీని పేరు డైరెక్షనల్ కప్లర్.

టీఎం ఊట ఎక్కువ, టీఈ ఊట తక్కువ, కాబట్టి టీఎం తక్కువ దూరంలనే అవతలికి దాటుతది. దూరం లెక్క ఇట్ల: రెండు వేవ్‌గైడ్లు కలిపి పెట్టి మోడ్ సాల్వర్ నడిపితే ఒక్కో పోలరైజేషన్‌కి రెండేసి మోడ్‌లు వస్తయ్, వాటి ఇండెక్స్ తేడాని రెండుతోని గుణించి, దాంతోని వేవ్‌లెంగ్త్‌ని భాగించండి. ఉదాహరణకి మీ డిజైన్‌ల టీఎంకి తేడా 0.05 వచ్చిందనుకోండి, 15.5 మైక్రాన్లు. టీఈకి 0.005 వచ్చిందనుకోండి, 155 మైక్రాన్లు. ఇప్పుడు కప్లర్ పొడవు 15.5 పెడితే టీఎం మొత్తం అవతలికి పోయింది, టీఈ పదో వంతు దూరమే నడిచింది, అంటే 9 డిగ్రీల సైన్ వర్గం, సుమారు 2.4 శాతం దొంగతనంగ అవతలికి పోయింది. డీబీల్ల 16. పేపర్‌ల చూపించుకోవడానికి జర తక్కువ. అందుకే అవతలి దారిల టీఈని ఊడ్చే ఒక ఫిల్టర్, లేకపోతే ఇంకో కప్లర్ వరుసగ పెడ్తరు, లేకపోతే రెండు వేవ్‌గైడ్ల వెడల్పు వేరువేరు చేసి టీఎం ఇండెక్స్ కలిసేటట్టు, టీఈది కలవకుండ ఉండేటట్టు చేస్తరు. నాకు ఈ చివరిదే ఇష్టం, గాని వెడల్పు నాలుగైదు నానోమీటర్లు తప్పితే మొత్తం ఆట బంద్ అని గుర్తుంచుకోండి.

ఏడో పని: తిప్పుడు, ఈడనే తలకాయ నొస్తది

టీఎం0ని డైరెక్ట్‌గ టీఈ0 చేసే దారులున్నయ్ గాని కష్టం. జనాలు ఎక్కువ వాడేది రెండు మెట్ల దారి: టీఎం0ని ముందు టీఈ1 (రెండో టీఈ మోడ్) చెయ్యుడు, తర్వాత టీఈ1ని పక్క వేవ్‌గైడ్‌లకి టీఈ0గ ఎక్కించుడు.

స్క్రిప్ట్‌ల వెడల్పుని 400 నుంచి 1000 నానోమీటర్ల దాకా మెల్లగ పెంచుకుంట ప్రతి మోడ్ ఇండెక్స్ గ్రాఫ్ గీయండి. వెడల్పు పెరుగుతుంటే టీఈ1 గీత సర్రున పైకి లేస్తది, టీఎం0 గీత నిమ్మళంగ నడుస్తది, ఒక దగ్గర రెండూ ఎదురుపడ్తయ్, 220 ఎత్తుకి అది 650, 750 నడుమ ఎక్కడో. ఇప్పుడు అసలు విషయం. పైన కింద రెండు దిక్కులా గాజే ఉంటే ఆ రెండు గీతలు దారిల ఎదురైన తెల్వనోళ్ల లెక్క ఒకరినొకరు దాటుకొని పోతరు, ఏం కలవదు, ఎందుకంటే పైన కింద సిమెట్రీ ఉంది. పైన గాజు తీసేసి గాలి పెట్టండి, లేకపోతే సిలికాన్ నైట్రైడ్ పెట్టండి, లేకపోతే సిలికాన్‌ని సగం ఎత్తే చెక్కి పక్కల చిన్న గట్టు వదలండి. సిమెట్రీ ఇరిగింది. ఇప్పుడు గ్రాఫ్ మళ్లీ గీస్తే గీతలు దాటవు, దగ్గరకొచ్చి వంగి దూరం పోతయ్. ఆ వంపు దగ్గర మోడ్ సగం టీఎం సగం టీఈ. ఇది మన సెల్లో టేపు ఏటవాలుగ అతికించినట్టే. ఆ వెడల్పుని మెల్లగ దాటించుకుంట పోతే టీఎం0గ ఎక్కిన లైటు టీఈ1గ దిగుతది.

మెల్లగ అంటే ఎంత? గీతలు ఎంత దగ్గరుంటే అంత మెల్లగ. మామూలుగ ఆ దాటే భాగం పదుల మైక్రాన్ల నుంచి వంద చిల్లర దాకా ఉంటది. మిగతా టేపర్ (వెడల్పు మారే ముక్క) అంతా గబగబా పోవచ్చు, మొత్తం ఒకే వాలు పెట్టి పొడవు వేస్ట్ చెయ్యకండి. ఇక్కడ త్రీడీ సిమ్యులేషన్ తప్పదు, గాని వెడల్పు రేంజ్ ముందే తెలిసింది కాబట్టి ఒక్క రాత్రిల అయిపోతది.

ఒక చిన్న దెబ్బ కూడా ఉంది. ఫ్యాబ్‌ల గోడలు సూటిగ నిలువుగ రావు, జర వాలుగ వస్తయ్. అంటే పైన కింద గాజే ఉన్నా సిమెట్రీ కొంచెం ఇరిగినట్టే, మీరు రొటేటర్ పెట్టని దగ్గర కూడా టేపర్ ఆ వెడల్పు దాటితే టీఎం కొంత టీఈ1 అయిపోతది. నేను నా మొదటి చిప్‌ల రెండు నెలలు దీన్ని వెతికిన, దొరికింది యాడనో కాదు, వేవ్‌గైడ్ పేరు రాసిన లేబుల్ పక్కన ఊకనే వెడల్పు చేసిన ఒక ముక్క దగ్గర.

ఎనిమిదో పని: హీటర్లు

చీల్చి తిప్పినంక రెండు దారుల్ల టీఈనే ఉంది. ఒక దారి మీద హీటర్ పెట్టి వాటి నడుమ ఫేజ్ మార్చి, రెండింటిని ఒక కప్లర్‌ల కలిపి, మళ్లీ ఇంకో హీటర్, ఇంకో కప్లర్. ఈ రెండు హీటర్ల కరెంటు మార్చుకుంట పోతే లోపలికి వచ్చింది ఏ పోలరైజేషన్ అయినా మొత్తం ఒకే దారిలకి తెచ్చుకోవచ్చు. ఉల్టా నడిపితే నచ్చిన పోలరైజేషన్ బయటికి. సిలికాన్ ఇండెక్స్ ఒక డిగ్రీకి 0.00018 పెరుగుతది, 100 మైక్రాన్ల పొడవుల సగం చుట్టు ఫేజ్ కావాలంటే సుమారు 43 డిగ్రీలు వేడెక్కాలె. పక్క హీటర్ వేడి ఇటు రాకుండ దూరం వదలండి. ఇదే విషయంల మన దేశపోళ్ల పేరు ఒకటి తెలిసుండాలె, పంచరత్నం. బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌ల 1956ల పోలరైజేషన్‌ని గోళం (ప్రతి పోలరైజేషన్‌కి ఒక చుక్క ఉండే ఊహా గోళం) మీద ఒక చుట్టు తిప్పి మళ్లీ మొదటికే తెస్తే కూడా ఫేజ్ మిగిలిపోతది అని చూపించిండు. హీటర్ల లెక్క తప్పినప్పుడల్లా ఆయన గుర్తొస్తడు.

తొమ్మిదో పని: లేఅవుట్, ఫ్యాబ్

తొందరగ చెప్త. చిప్ బొమ్మ గీసే కేలేఅవుట్, జీడీఎస్‌ఫ్యాక్టరీ రెండూ ఫ్రీ. ప్రతి డిజైన్ ఒక్కటి పెట్టి ఊకోకండి, వెడల్పు 10, 20 నానోమీటర్లు ఎక్కువ తక్కువ చేసి ఐదేసి కాపీలు పెట్టండి, పక్కన ఏం లేని సూటి వేవ్‌గైడ్ ఒకటి పోల్చుకోవడానికి. ఫ్యాబ్ కోసం మన దేశంలనే ఐఎన్‌యూపీ అని సెంట్రల్ గవర్నమెంట్ ప్రోగ్రామ్ ఉంది, బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బొంబాయి లాంటి దగ్గర క్లీన్‌రూమ్‌లు బయటి కాలేజోళ్లకి కూడా వాడుకోనిస్తరు, మీ సార్‌తోని ప్రపోజల్ రాయించుకోండి.

లేఅవుట్‌లనే ఒక మోసం ఉంది. గ్రేటింగ్ కప్లర్ (ఫైబర్ నుంచి లైటుని పై నుంచి చిప్‌లకి ఎక్కించే గీతల పట్టీ) పెట్టుడు సులువు అని అందరు అదే పెడ్తరు, గాని మామూలు గ్రేటింగ్ కప్లర్ ఒక పోలరైజేషన్‌కే పనిచేస్తది, అదే ఒక ఫిల్టర్. టీఈ గ్రేటింగ్ రెండు చివర్ల పెట్టి నా పోలరైజర్ టీఎంని సున్నా చేసింది అని సంబురపడినోళ్లని చూసిన, టీఎం చిప్ లోపలికి ఎక్కనే లేదు పాపం. టీఎం కొలవాలంటే టీఎం గ్రేటింగ్ వేరే పెట్టండి, లేకపోతే అంచు నుంచి ఎక్కించండి.

పదో పని: ఫైబర్, గాజులు, ఫ్యాను

నా అనుభవంల సగం తప్పులు చిప్‌ల ఉండవు, ఫైబర్‌ల ఉంటయ్. లేజర్ నుంచి మామూలు ఫైబర్‌ల వచ్చిన లైటు ఏ పోలరైజేషన్‌ల ఉందో తెల్వదు కాబట్టి నడుమ మూడు తెడ్ల పోలరైజేషన్ కంట్రోలర్ పెట్టాలె. కొనాలంటే వేలల్ల ఖర్చు, ఇంట్ల చేసుకోవచ్చు. ఫైబర్‌ని గుండ్రంగ చుడితే వంపు ఒత్తిడికి దాంట్ల కొంచెం బైరిఫ్రింజెన్స్ వస్తది, 28 మిల్లీమీటర్ల రేడియస్‌ల మూడు చుట్లు చుడితే 1550 దగ్గర దాదాపు పావు వేవ్‌ప్లేట్, ఆరు చుట్లు అయితే సగం వేవ్‌ప్లేట్. మరి 28 రేడియస్ అంటే వ్యాసం 56. మనిండ్లల్ల రెండు-నాలుగు సైజు చేతి గాజు లోపలి వ్యాసం రెండుంబావు ఇంచులు, అంటే 57. సరిగ్గ అదే!

మా అమ్మవి పాత ప్లాస్టిక్ గాజులు మూడు తీసుకున్న, ఒక్కోదాని లోపలి అంచుకి 900 మైక్రాన్ల సన్న ఫైబర్ చుట్టిన, మూడు, ఆరు, మూడు చుట్లు, అక్కడక్కడ చిన్న టేపు ముక్క, మూడింటిని ఒక చెక్క మీద వరుసగ నిలబెట్టి తలుపు లెక్క అటు ఇటు వంగేటట్టు చిన్న బందులు బిగించిన. లావు పసుపు ప్యాచ్ కార్డ్ వాడకండి, లోపల ఫైబర్ ఎటు మెలికపడిందో తెల్వదు. మధ్య గాజు వంచితే పోలరైజేషన్ దిక్కు తిరుగుతది, పక్క రెండూ గుండ్రంగ తిరిగేదాన్ని సూటిగ చేస్తయ్. మూడు కలిపి ఆడిస్తే ఏదంటే అది. కేబులోళ్ల ఎర్ర లైటు పెన్నుతోని టెస్ట్ చేద్దామనుకోకండి, ఎరుపుకి ఆ ఫైబర్‌ల మోడ్‌లు ఎక్కువైతయ్, రిజల్ట్ అబద్ధం చెప్తది. ఇంకోటి, 1550 లేజర్ కంటికి కనపడదు, ఫైబర్ కొసల కన్ను పెట్టి ఆన్ అయిందా అని చూడకండి, పవర్ మీటర్ ఉన్నది అందుకే.

పోలరైజేషన్ కాపాడే పాండా ఫైబర్ దొరికితే ఇంకా మంచిది, గాని దాన్ని చిప్‌కి తిప్పి కుదిర్చేటప్పుడు ఒక్క డిగ్రీ తప్పితే మీకు దొరికే ఎక్స్‌టింక్షన్ (ఒక పోలరైజేషన్‌కి ఇంకోదానికి నడుమ పవర్ తేడా) 35 డీబీ మించదు, 5.7 డిగ్రీలు తప్పితే 20 దగ్గర ఆగిపోతది. మీ చిప్ 40 డీబీ ఇచ్చినా కనపడేది 20.

కొలిచేది ఇట్ల. ముందు సూటి వేవ్‌గైడ్ మీద పవర్ మీటర్ చూసుకుంట గాజులు ఆడించి మ్యాక్సిమం పట్టండి, రాసుకోండి. తర్వాత మినిమం పట్టండి, మినిమం పట్టుడు కష్టం, ఒక్కో గాజుని కొంచెం కొంచెం వంచుకుంట మూడు నాలుగు రౌండ్లు తిరగాలె. తర్వాత ఫైబర్ ముట్టకుండ మీ డివైస్ మీదికి జరగండి. ముట్టకుండ అనే మాట ఊకనే అనలే. ఎండకాలం ఒక వారం మొత్తం నా రీడింగ్ సముద్రం లెక్క ఊగింది, ప్రతి రెండు సెకన్లకి మూడు నాలుగు డీబీలు, చిప్ ఖరాబైందనుకొని ఇంకో చిప్ పెట్టిన, అదీ అంతే, లేజర్ మార్చిన, అదీ అంతే. ఎనిమిదో రోజు కరెంటు పోయింది, ఇన్వర్టర్ మీద లేజర్ నడుస్తనే ఉంది గాని ఫ్యాను ఆగింది, రీడింగ్ కూడా నిలబడ్డది. టేబుల్ అంచు నుంచి జానెడు ఫైబర్ గాలికి ఏలాడుతుండె.

ఇప్పుడు ఫైబర్ మొత్తం ప్రతి జానకి ఒక టేపు ముక్కతోని టేబుల్‌కి అతికిస్త, ఫ్యాను బంద్ చేస్త, తువ్వాల మెడలేసుకొని కూసుంట.